రెండు గొట్టాలు, ఒక అల్లుడి ఇల్లు

ముందు నా కబురు చెప్పేస్తాను, లేకపోతే కడుపు ఉబ్బిపోతుంది. నేను డిగ్రీ పాసయ్యాను. కళ్లు పరీక్ష చేసే డిగ్రీ. మా ఇంట్లోంచి కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే, పాసై బయటికొచ్చిన మొదటి మనిషినీ నేనే. మా నాన్న సముద్రం మీద వేటకెళ్తాడు, అమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. రిజల్టు వచ్చిన రోజు నాన్న నా ఫోను పట్టుకుని తీరమంతా తిరిగాడు. చదవడం రానివాళ్లకు కూడా ఆ తెర చూపించి, చార్జింగ్ అంతా అవగొట్టి తెచ్చాడు.

ఇక విశాఖపట్నం సంగతి. మూడు రోజుల పనని వెళ్లి దాదాపు రెండు నెలలు ఉండి వచ్చాను. సముద్రం చూడ్డానికి కాదు, సముద్రం మా ఇంటి వెనకాలే ఉంది. మా రత్నం అత్త కంటి కోసం వెళ్లాం. ఆవిడ మా నాన్నకు అక్క, చేపల తట్ట నెత్తిన పెట్టుకుని సంతలు తిరిగే మనిషి. ఆవిడకు గ్లకోమా, మనవైపు నీటికాసులు అంటారు. కంట్లో ఊరే నీరు బయటికి పోయే దారి మూసుకుపోయి, ఒత్తిడి పెరిగి, లోపలి నరం ఎండిపోతూ వస్తుంది. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడి కంట్లో మధ్య చూపు మాత్రం ఉంది, పక్కలు కనపడవు, తలుపు సందులోంచి చూసినట్టే. రెండేళ్ల కిందట ఆపరేషనుతో తెరిచిన దారి మళ్లీ మూసుకుపోయింది. మూడు రకాల చుక్కలు వేస్తున్నా ఒత్తిడి దిగడం లేదు. ఇక కంట్లో చిన్న గొట్టం పెట్టడమే మార్గం, ఏ గొట్టమో విశాఖలో చెబుతారు అన్నారు. అది కుదరకపోతే అత్తకు చీకటే.

ఇలాంటి ప్రయాణం ముందున్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. ఆ అవసరం లేనివాళ్లు తిండి సంగతులు చదువుకోండి.

రైల్లో నెత్తళ్లు

వేసవిలో రెండు నెలలు మరబోట్లు వేటకు వెళ్లకూడదు, చేపలు గుడ్లు పెట్టే కాలం. చేప లేకపోతే అత్తకు బేరం లేదు. అందుకే అప్పుడు బయల్దేరింది. మామూలు రోజుల్లో అయితే కన్ను ఊడి చేతిలోకొచ్చినా సంత మానదు.

కూతురింటికి ఖాళీ చేతుల్తో వెళ్లకూడదని ఒక సంచీ నిండా నెత్తళ్లు, వేలెడంత ఎండుచేపలు, తెచ్చింది. ప్యాసింజరు రైల్లో మా ఎదుట కూర్చున్న పెద్దమనిషి విజయనగరం దాకా ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు. అత్త ఆయన్ని పట్టించుకోకుండా పక్కనున్నవాళ్లందరికీ నా డిగ్రీ గురించి చెప్పడం మొదలుపెట్టింది. కాసేపటికి పెట్టెలో సగం మంది కళ్లజోళ్లు తీసి నా చేతిలో పెట్టారు. నేను డాక్టర్ని కానండీ అని ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. చివరికి ఆ జేబురుమాలు ఆయన కూడా, దగ్గరి అక్షరాలు మసకగా ఉంటున్నాయి తల్లీ అన్నాడు. మీ వయసుకు అది మామూలే, జోడు మార్చుకుంటే చాలు అన్నాను. ఆయన కొత్తవలసలో దిగబోతూ పావుకిలో నెత్తళ్లు కొనుక్కున్నాడు. అత్త పది రూపాయలు తగ్గించింది. ముక్కు మూసుకున్నందుకు తగ్గించలేదట, కోడలు పిల్లకు నమస్కారం పెట్టినందుకట.

మేం దిగాల్సింది దువ్వాడలో. అందరూ విశాఖలో దిగిపోతుంటే మేమూ దిగిపోయాం. రైలు వెళ్లిపోయాక గాని తెలియలేదు. అక్కణ్నుంచి సిటీబస్సులో నిలబడి అత్త కూతురుండే కూర్మన్నపాలెం చేరేసరికి ప్రాణాలు కడబట్టాయి. దారిలో పోర్టు క్రేన్లు, బొగ్గు గుట్టలు చూసి అత్త అన్నమాట ఒక్కటే: మా ఊళ్లో ఇళ్లలోకి ఇసక వస్తాది, ఇక్కడ మసి వస్తాది, తుడుపు మాత్రం తప్పదు.

కూర్మన్నపాలెం

మా గౌరి వదిన అత్తకు ఒక్కతే కూతురు. గాజువాకలో బట్టల దుకాణంలో పనిచేస్తుంది. ఆమె భర్త అప్పలరాజు అన్నయ్య స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు కార్మికుడు, వారానికొక షిఫ్టు. మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. ఆ చుట్టుపక్కల సగం ఇళ్లు షిఫ్టు మనుషులవే. పొద్దున పదకొండింటికి ఎవరింట్లోనైనా టీవీ గట్టిగా పెడితే పక్కింటివాళ్లు వచ్చి మా ఆయన నైట్ షిఫ్టండీ అంటారు. మా ఊళ్లో పగలు పడుకున్న మగవాణ్ని చూస్తే జ్వరమా అని అడుగుతారు.

ఇక్కడ మా వాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. మాలో అత్త అల్లుడి ఎదుట కూర్చోదు. నేరుగా మాట్లాడదు. కూతురింట్లో రాత్రి బస చేయడమే తప్పు, చేసినా ఒకటి రెండు రోజులు. మాటలు మోయడానికి మధ్యలో ఒక మనిషి కావాలి. ఆ మనిషి నేను. ఆ రాత్రి అత్త వంటింటి తలుపు వెనక నిలబడి, "కోడలా, ఆరు అన్నం తిన్నారేటో అడుగు" అంది. ఆరంటే వారు, అల్లుడుగారు. అన్నయ్య అక్కడికి రెండు బారల దూరంలో కంచం ముందు కూర్చుని ఉన్నాడు. "తింతన్నానని సెప్పు సెల్లీ. నెత్తళ్లు బాగున్నాయని కూడా సెప్పు" అన్నాడు. నేను తలుపు వైపు తిరిగి, బాగున్నాయట అన్నాను. తపాలా ఉద్యోగానికి ఏ డిగ్రీ కావాలో తెలీదు గాని, నాకొచ్చేసింది.

కంటి ఆసుపత్రి

మర్నాడు ఆసుపత్రికి వెళ్లాం. పేరు రాయను, పెద్దదే. అత్త కంట్లో ఒత్తిడి ముప్పై ఆరు వచ్చింది. ఇరవై ఒకటి దాటితేనే ఎక్కువ అంటాం. నేను ఆ అంకె రెండుసార్లు చదువుకున్నాను, అత్తకేమీ పట్టలేదు. ముప్పై ఆరంటే పాసేనా కోడలా అని నన్నడిగింది.

డాక్టరమ్మ బల్ల సొరుగులోంచి రెండు నమూనాలు తీసి అత్త అరచేతిలో పెట్టింది. రెండూ చూడ్డానికి ఒకే రకం. వెంట్రుక కంటే కాస్త లావుగా మెత్తని గొట్టం, దాని చివర చిన్న పళ్లెం. గొట్టం కొసను కంటి ముందు భాగంలోకి దూర్చి, పళ్లాన్ని తెల్లగుడ్డు పొర కింద కుడతారు. లోపలి నీరు గొట్టంలోంచి పళ్లెం చుట్టూ చేరి ఒంట్లోకి ఇంకిపోతుంది. బయటికి ఏమీ కారదు, పైరెప్ప కింద దాగి ఉంటుంది.

తేడా ఎక్కడంటే, మొదటిదాంట్లో వాల్వు ఉంది. ఒత్తిడి పెరిగితే తెరుచుకుంటుంది, తగ్గితే మూసుకుంటుంది. వేసిన రోజు నుంచే పనిచేస్తుంది. కాకపోతే నెలా రెండు నెలల్లో పళ్లెం చుట్టూ పొర గట్టిపడి చాలామందికి ఒత్తిడి మళ్లీ పెరుగుతుంది, చుక్కలు తిరిగి వేసుకోవాలి. రెండోదానికి వాల్వు లేదు, పళ్లెం వెడల్పు. అలాగే వదిలేస్తే నీరంతా పోయి కన్ను చప్పబడిపోతుంది కాబట్టి, గొట్టాన్ని కరిగే దారంతో బిగించి కడతారు. ఐదారు వారాల్లో దారం కరిగేలోపు పళ్లెం చుట్టూ పొర కడుతుంది. అప్పుడు గొట్టం తెరుచుకున్నా నీరు ఆ పొరలోపలే ఆగుతుంది. అంతవరకు మాత్రం అది పనిచేయనట్టే. పనిచేయడం మొదలుపెట్టాక ఒత్తిడి బాగా దిగుతుంది, చుక్కల అవసరం తగ్గుతుంది. కాని దిగడం మరీ ఎక్కువైతే అదో ప్రమాదం. చదువులో నేను నేర్చుకున్నదీ అదే: వాల్వుదానితో చిక్కు ఒత్తిడి సరిగా దిగకపోవడం, వాల్వు లేనిదానితో చిక్కు మరీ దిగిపోవడం. మనదేశంలో తయారయ్యేది వాల్వు లేనిది, ధర కూడా తక్కువ.

అత్త రెండిటినీ బోర్లా తిప్పి, వేలితో నొక్కి చూసింది, వాసన ఒక్కటే చూడలేదు. డాక్టరమ్మ మాత్రం వాల్వుదాని వైపే మొగ్గింది. చుక్కలు వేస్తుంటేనే ముప్పై ఆరు ఉంటే, దారం కరిగేదాకా ఆగే వ్యవధి ఈ నరానికి లేదంది. ఎంతకాలం ఉండాలి అని అత్త అడిగింది. పదిరోజులుండి, తర్వాత వచ్చి చూపించుకుంటూ ఉంటే చాలంటే అత్త మొహం వెలిగింది.

అయినా సరుకు తిన్నవాళ్లను అడక్కుండా కొనే అలవాటు అత్తకు లేదు. వరండాలోకొచ్చి, గొట్టాలు పెట్టించుకున్నవాళ్లెవరో వాకబు చేసింది. వాల్వుది ఉన్న ఒక రిటైరైన పోర్టు గుమాస్తా, దారంది ఉన్న ఒక నర్సీపట్నం వైపు రైతు ఇల్లాలు దొరికారు. గుమాస్తా గారు, వేయించుకున్న మర్నాడే ఒత్తిడి దిగింది గాని ఇప్పుడు రెండు చుక్కలు వేస్తున్నాను అన్నాడు. ఆ ఇల్లాలు, మొదటి నెలంతా ఏమీ తేడా తెలీక ఏడ్చాను, ఇప్పుడు ఒక్క చుక్కా లేదు అంది. చెబితే చాలదు అత్తకు. చేప మొప్ప ఎత్తి చూసినట్టు ఆమె పైరెప్ప ఎత్తబోయింది. నర్సు పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. ఆ ఇల్లాలు నవ్వి, కిందికి చూస్తూ తనే రెప్ప ఎత్తి చూపించింది.

ఫ్రిజ్జు ముందు

ఆ సాయంత్రం వదిన, మందులియ్యమ్మా ఫ్రిజ్జులో పెడతాను అంది. అత్త రొంటినుంచి మూడు సీసాలు తీసిచ్చింది. వదిన పట్టుకున్న చెయ్యి ముక్కు దగ్గరికి తెచ్చుకుని, ఏటమ్మా ఇది అంది. సీసాల మీద కాగితాలు లేవు, నానిపోయి ఊడిపోయాయి. చేపల వాసన గుప్పుమంది.

నేను అడిగితే అత్త ఎంతో బుద్ధిగా జరిగింది చెప్పింది. "మందుల కొట్టోడు సల్లగా ఉంచమన్నాడు. మన కొంపలో ఫ్రిజ్జేటుంది. ఐసుపెట్లో సేపల మజ్జిన ఎట్టినాను. సంతకెల్లినా నాతోటే ఉంటాయి. గడ్డకట్టీస్తాయి గాని, కొంగులో ఎట్టుకుంటే కరిగిపోతాయి. ఒక్క పూట మానలేదు కోడలా."

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఎన్ని నెలలుగానో రోజూ గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకట్టిన మందు. దాన్ని ఒక్క పూట మానకుండా వేసుకుంటోంది, మందు పనిచేయడం లేదని ఊరంతా అనుకుంటున్నాం. చల్లగా అంటే గడ్డకట్టించడం కాదని ఎవరూ చెప్పలేదు. ఐసు ఇంటి సరుకైన మనిషికి చల్లదనమంటే ఐసే మరి.

మర్నాడు డాక్టరమ్మకు చెబితే ఆవిడ తిట్టలేదు. కుర్చీలో వెనక్కి వాలి నవ్వి, తర్వాత కాసేపు ఆలోచించింది. కొత్త సీసాలు రాసి, ఇవి సరిగా వేసి వారం తర్వాత రండి, అప్పుడు మాట్లాడదాం అంది.

చేపల రేవు, బీచి రోడ్డు

ఆ వారంలో ఊరు తిరిగాం. అత్త మొదట అడిగింది ఫిషింగ్ హార్బరే. మా ఊళ్లో పడవల్ని ఇసక మీదికి అందరూ కలిసి లాగుతారు. ఇక్కడ మరబోట్లు ఒకదాని పక్కన ఒకటి కట్టేసి, నీళ్లు కనపడనంత ఉన్నాయి. వేట లేదు కాబట్టి రంగులు వేసుకుంటున్నారు, వలలు బాగుచేసుకుంటున్నారు. నిప్పు కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తున్న ఒక ముసలామె అత్తను కూర్చోబెట్టుకుంది. ఇక్కడి ఆడవాళ్లు తట్ట మొయ్యరట, కాటా ముందు పెట్టుకుని కూర్చున్నచోటే అమ్ముతారట. అత్త మొదట నవ్వింది. సేప మనిషి దగ్గిరికెల్లాల గాని మనిషి సేప దగ్గిరికొస్తాడేటి అంది. "వొస్తాడే. ఇక్కడ కార్లేసుకుని వొస్తారు" అంది ముసలామె. వచ్చేదారిలో అత్త కాటా ధర ఎంతుంటుందో అడిగింది.

బీచిరోడ్డులో మురీ మిక్చరు తిన్నాం. మరమరాల్లో ఉల్లిపాయ, మామిడికోరు, నిమ్మరసం, పొట్లం ముప్పై రూపాయలు. మామిడికోరు లేకపోతే డబ్బు వాపసు అడిగేదాన్నంది అత్త. ముంజలు మాత్రం కొననివ్వలేదు. మా ఊళ్లో అవి చెట్టెక్కినవాడివి, ఇక్కడ డజను లెక్క. వదిన ఆదివారం బఠానీ చాట్ తినిపిస్తే, పప్పు ఉడికించి దానిమీద మళ్లీ పచ్చి ఉల్లిపాయ జల్లడమేటని రెండు ప్లేట్లు తిని మరీ వంక పెట్టింది.

అడ్డం తిరిగిన అత్త

వారం తర్వాత ఒత్తిడి ఇరవై నాలుగు. నేను గాల్లో తేలాను. డాక్టరమ్మ నన్ను నేల మీదికి దింపింది. ఇరవై నాలుగు కూడా ఈ కంటికి ఎక్కువే, ఆపరేషను తప్పదు అంది. తర్వాత అత్త వైపు తిరిగింది.

"కాని అమ్మా, ఇప్పుడు మనకు ఆగే వీలు దొరికింది. కొత్త చుక్కలతో దారం కరిగేదాకా నెట్టుకురావచ్చు. అందుకని వాల్వు లేనిదే వేద్దామనుకుంటున్నాను. ఊళ్లో చుక్కలు దాచుకోవడం మీకెంత కష్టమో చూశాం కదా. ఇది నిలబడితే ఆ బాధ తగ్గుతుంది. ఒక్కటే షరతు. దారం వదిలేదాకా ఆసుపత్రికి దగ్గర్లోనే ఉండాలి. వదిలినప్పుడు ఒత్తిడి ఒక్కసారిగా పడిపోవచ్చు, వెంటనే చూడాలి. మీకున్నది ఒక్క కన్ను."

అత్త చేతులు కట్టుకుని కూర్చుంది. "వాల్వుదే ఎయ్యండమ్మా. నానింటికెల్లిపోవాల. పనుంది" అంది.

వేట ఆగిన రోజుల్లో చేపలమ్మే మనిషికి ఏం పనో డాక్టరమ్మకు తెలీదు, నాకు తెలుసు. రేపటిలోగా ఆలోచించి చెప్పండని పంపించింది. బస్సులో నిలదీశాను. అత్త కిటికీలోకి చూస్తూ చెప్పింది.

"అల్లుడింట్లో నెలన్నర కూకుని తింటానేటే? మీ మావయ్య బతికున్నప్పుడు గూడా కూతురింటికొస్తే నీల్లు తాగి లేసిపోనాం. ఊల్లో నలుగురూ ఏటనుకుంటారు?"

"కన్ను పోతే నలుగురూ వచ్చి వండిపెడతారా అత్తా?"

"పోతే పోనాది. మాట పడను."

ఆవిడ నవ్వుతూ అంటే ఇంత భయపడేదాన్ని కాదు. ఇంటికొచ్చి వదినకు చెప్పాను. వదిన తల్లి మీద అరిచింది, తర్వాత ఏడ్చింది. నేను పుట్టిల్లని నీ ఇంటికొస్తే నెలలు నెలలు ఉండనిచ్చావు గదా, నా ఇంట్లో నీకు ముల్లేటి గుచ్చుకుంటాది అంది. అత్త తలుపు వెనకే నిలబడి ఉంది. బి షిఫ్టుకు, అంటే మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఉండే డ్యూటీకి, వెళ్లబోతూ గుమ్మంలో బూట్లు వేసుకుంటున్న అన్నయ్య అంతా విన్నాడు. తలెత్తకుండా, లేసులు కట్టుకుంటూ నాతో అన్నాడు.

"సెల్లీ, మీ అత్తని ఓ మాటడుగు. ఈ ఇంట్లో నానుండేదెంతసేపు? ఎనిమిది గంటలు ప్లాంటు. ఎల్లడానికో గంట, రావడానికో గంట. వొచ్చి పడుకుంటాను. పడుకున్నోడికి ఇల్లయితేనేటి, సత్రమయితేనేటి? నాను డ్యూటీలో ఉన్నంతసేపూ ఇది ఆవిడ కూతురిల్లు. కూతురింట్లో అమ్మ ఉండొచ్చా లేదా?"

వంటింటి తలుపు రెక్క కాస్త కదిలింది. తర్వాత, "ఉండొచ్చని సెప్పు. మరి ఆరు డూటీ దిగొచ్చినప్పుడో?"

"కింద ఓనరుగారి వరండా ఉంది, చల్లటి గచ్చు. నాను మేడెక్కితే ఆవిడ దిగుతాది, నాను దిగితే ఆవిడెక్కుతాది. మా ప్లాంటులో రిలీవరు రాకుండా ఎవడూ సీటు దిగడు. మీ అత్త నా రిలీవరు."

వదిన ఏడుపు మధ్యలో నవ్వేసింది. అత్త మాత్రం దీన్ని చాలా సీరియస్‌గా తీసుకుంది. రాత్రి నన్ను పిలిచి, ఏ షిఫ్టు ఎన్నింటికి దిగుతుందో రెండుసార్లు చెప్పించుకుంది.

ఆపరేషను, ఆపైన రోజులు

ఆపరేషను గురించి ఎక్కువ లేదు. కన్ను మొద్దుబారడానికి సూది ఇచ్చి చేస్తారు, మనిషికి మెలకువగానే ఉంటుంది. గొట్టం మీద పొర అరిగిపోకుండా, దానం చేసిన కంటి నుంచి తీసిన చిన్న ముక్క కప్పుతారు. ఆ ఇచ్చినవాళ్లెవరో తెలియదు గాని అత్త రోజూ పడుకోబోయేముందు వాళ్లకోసం దణ్ణం పెట్టుకుంటుంది. లోపల మాట్లాడకూడదన్నా వినకుండా, కుట్టు గట్టిగా వెయ్యండమ్మా, వలైనా అంతే అని చెప్పిందట. డాక్టరమ్మే బయటికొచ్చి చెప్పింది.

తర్వాత వంగకూడదు, బరువెత్తకూడదు, తల మీద నీళ్లు పోసుకోకూడదు. షిఫ్టుల ఒప్పందం మాత్రం గడియారంలా నడిచింది. అన్నయ్య బూట్ల చప్పుడు మెట్ల మీద వినపడగానే అత్త కొంగు సర్దుకుని వరండాలోకి వెళ్లిపోయేది. మెట్ల మలుపులో ఇద్దరూ ఎదురైతే ఆయన గోడవైపు తిరిగేవాడు. ఆయనకు నైట్ షిఫ్టు ఉన్న వారాల్లో పగలంతా అత్త కిందే. ఓనరుగారి భార్యతో స్నేహం కలిసి, ఆవిడకు చేపల బేరం నేర్పింది, ఆవిడ దగ్గర చపాతీ చెయ్యడం నేర్చుకుంది. అన్నయ్యకు బి షిఫ్టు ఉన్న సాయంత్రాలు నేనూ అత్తా ప్లాంటు ఉద్యోగుల కాలనీ ఉక్కునగరం వైపు నడిచేవాళ్లం. వెడల్పాటి రోడ్లు, రెండువైపులా చెట్లు, ఒకే పోలిక క్వార్టర్లు. అక్కడ ఇంటిపేరు చెబితే ఎవరికీ తెలీదు, సెక్టారూ నంబరూ చెప్పాలి. అన్నీ ఒకేలా ఉంటే తాగొచ్చిన మగోడు ఇల్లెలా కనుక్కుంటాడని అత్త సందేహం. నడిచి నడిచి ఎదురొచ్చిన ఒకాయన్నే అడిగేసింది. ఆయన ఏమాత్రం నొచ్చుకోకుండా, కుక్క మొరగని ఇల్లు నాదండీ అన్నాడు.

నెల దాటినా ఒత్తిడి ఇరవై రెండు, ఇరవై మూడు దగ్గరే ఉంది. దారం వదల్లేదు. నర్సీపట్నం ఇల్లాలు మొదటి నెలంతా ఏడ్చానంటే ఎందుకో అప్పుడు అర్థమైంది. నాకు లెక్క తెలుసు, పుస్తకంలో చదివాను, అయినా రాత్రి పడుకున్నాక వాల్వుదే వేయించాల్సిందేమో అనిపించేది. అత్త అడగలేదు. అడగకపోవడమే నాకు భారంగా ఉండేది.

పసుపు హెల్మెట్టు

ఆరో వారంలో ఆ ఆసుపత్రిలోనే నాకు ట్రైనీ ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చింది. వదిన దుకాణానికెళ్లింది. అన్నయ్య నైట్ షిఫ్టు దిగి మేడ మీద పడుకున్నాడు. అత్త కింద వరండాలో గోంగూర వలుస్తోంది.

ఉన్నట్టుండి ఆకులు కనపడటం మానేశాయట. మొత్తం గంజిలోంచి చూసినట్టయిందట. ఓనరుగారి భార్య గుడికెళ్లింది. నా ఫోను ఇంటర్వ్యూ కోసం ఆపేసి ఉంది. అత్త గోడ పట్టుకుని మెట్లెక్కి గుమ్మంలో నిలబడి దగ్గింది. అన్నయ్య కదల్లేదు. తలుపు గొళ్లెం ఆడించింది. కదల్లేదు. రాత్రంతా కొలిమి దగ్గర నిలబడి వచ్చిన మనిషి. అప్పుడిక మధ్యలో మనిషి లేకుండా పిలిచింది.

"అల్లుడా, లెగు నాయనా. నా కన్ను మసకైపోనాది."

తర్వాత అన్నయ్య నాతో అన్నాడు, ముందు ఆ గొంతెవరిదో పోల్చుకోలేకపోయానని. "పెల్లయి ఎనిమిదేల్లు సెల్లీ. ఎప్పుడిన్నాను గనక?"

ఇంటర్వ్యూ గదిలోంచి బయటికొచ్చేసరికి ఆసుపత్రి గేటులోంచి అన్నయ్య బండి వస్తోంది. వెనక అత్త ఒకపక్కకు కూర్చుని ఆయన భుజం పట్టుకుని ఉంది. నెత్తిన ప్లాంటు పసుపు హెల్మెట్టు. ఇంట్లో రెండో హెల్మెట్టు అదొక్కటే, పోలీసులు ఆపుతారని పెట్టాడట. ఇంకో రోజైతే పడీపడీ నవ్వేదాన్ని. ఆ రోజు గేటు దాకా పరిగెత్తాను. మసక ఎందుకొస్తుందో నాకు తెలుసు. దారం వదిలి ఒత్తిడి పడితే వస్తుంది. మరీ పడిపోయి లోపల నీరు చేరినా, రక్తం చేరినా వస్తుంది. మొదటిదయితే పండగ, రెండోదయితే ఆ కన్ను కూడా దక్కకపోవచ్చు. బయటినుంచి చూసి చెప్పడానికి నా డిగ్రీ చాలదు.

డాక్టరమ్మ లోపలికి తీసుకెళ్లింది. బల్ల మీద నేనూ అన్నయ్యా కూర్చున్నాం. ఆయన కళ్లు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి, చొక్కా బొత్తాలు తప్పుగా పెట్టుకున్నాడు. ఏమైనా తిన్నావా అన్నయ్యా అంటే, "గేర్లు మారిస్తే కంటికి అదుర్తాదేమోనని సెకండు గేర్లోనే తెచ్చాను సెల్లీ. ఫరవాలేదు గదా?" అన్నాడు.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ మొహం చూడగానే తెలిసింది.

"దారం వదిలింది. ఒత్తిడి ఎనిమిది. వెనక స్కాను తీశాను, నీరు లేదు, రక్తం లేదు. ఈ మసక నాలుగు రోజుల్లో పోతుంది. ఒత్తిడి చుక్కలు మూడూ ఇవాళే ఆపేస్తున్నాను, వాపు చుక్క ఒక్కటి ఉంచండి. తట్ట మాత్రం ఇక నెత్తికెక్కించొద్దు, కూర్చుని అమ్ముకోండి." తర్వాత అత్త చెయ్యి పట్టుకుని కాస్త గట్టిగా చెప్పింది, "అమ్మా, పోయిన చూపు మాత్రం రాదు. ఉన్నది ఉంటుంది."

"ఉన్నది సాలమ్మా" అంది అత్త.

నేను అక్కడే ఏడ్చేశాను. ఇంటర్వ్యూ తీసుకున్నాయన అటుగా వెళ్తూ, ఏమ్మా ఫలితం ఇంకా చెప్పనేలేదు కదా అన్నాడు. వచ్చే నెల నుంచి చేరమన్నారు, ఆ కబురూ ఇప్పుడు చెప్పేశాను.

మూడు రోజుల తర్వాత ఒకసారి చూపించుకుని ఊరెళ్లిపోవచ్చు అంది డాక్టరమ్మ. బయటికొచ్చాక, అత్తకు బ్యాగు సర్దుకునే తొందర ఉంటుందనుకున్నాను. ఆవిడ హెల్మెట్టు చేతిలో పట్టుకుని నిలబడి, నన్ను దాటి అన్నయ్య వైపు తిరిగింది.

"రేపు నీకే షిఫ్టు అల్లుడా?"

అన్నయ్య కాస్త తడబడ్డాడు. "రేపు వీక్లీ ఆఫత్తా. రోజంతా ఇంట్లోనే."

అత్త హెల్మెట్టు ఆయన చేతికిచ్చింది. ఆ వారమే వేట మళ్లీ మొదలై ఊళ్లోకి కొత్త చేప వస్తోంది.

"అలగైతే పొద్దున్నే నన్ను రేవుకి తీసుకెల్లు. సేప నాను ఏరతాను. పులుసు నాను పెడతాను. నువ్వు ఎదురుగా కూకుని తిను, ఎలాగుందో నాకే సెప్పు."